కట్టు కట్టే చేతికి ఆజ్ఞ ఇచ్చే అధికారం
సైనిక నర్సింగ్‌లో చిన్న వయసు నాయకులు తయారయ్యే తీరు - పల్నాటి ఆడపిల్లలకు తెలియవలసిన దారి

మాచర్ల: పల్నాడు అనగానే కారెంపూడి రణరంగం, బాలచంద్రుడి పౌరుషం, బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుకు వస్తాయి. ఏటా కార్తీక మాసంలో కారెంపూడిలో జరిగే వీరారాధన ఉత్సవాల్లో రాచగావు మొదలు కల్లిపాడు వరకు అయిదు రోజులూ కత్తి పట్టిన వీరులనే తలుచుకుంటారు. ఆ పోరులో గాయపడిన వారికి కట్టు కట్టినది ఎవరు, దాహమన్న వారి నోట్లో నీళ్లు పోసినది ఎవరు అని అడిగితే మాత్రం జవాబు చెప్పేవారు ఉండరు. వారి పేర్లు జనం నోట నిలవలేదు.

వైద్యం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మాచర్లకు చేరువలోని నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల నాటి విజయపురిని తవ్వినప్పుడు దొరికిన ఒక శాసనంలో ‘విగతజ్వరాలయం’ అన్న మాట ఉంది. జ్వరపీడితులకు చికిత్స చేసిన చోటు అదేనని చరిత్రకారులు భావిస్తారు. అంటే ఈ నేల మీద ఆయుధం ఎంత పాతదో, సేవ కూడా ఇంచుమించు అంత పాతదే. ఇక ‘నాయకురాలు’ అన్న మాటనే బిరుదుగా మోసిన నాగమ్మ గురజాల రాజ్యంలో నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన మనిషి. ఆమెను మెచ్చుకునేవారూ ఉన్నారు, తిట్టుకునేవారూ ఉన్నారు. కానీ ఆడమనిషి ఆజ్ఞ ఇస్తే మగవారు విన్న సంగతిని ఎవరూ కాదనరు.

సేవ, ఆయుధం, నాయకత్వం - ఈ మూడూ ఒక్కచోట కలిసిన ఉద్యోగం నేడు ఒకటున్నది. అదే భారత సైన్యంలోని మిలిటరీ నర్సింగ్ సర్వీసు. 21, 22 ఏళ్ల అమ్మాయి అందులో లెఫ్టినెంటుగా చేరి వార్డు బాధ్యత తీసుకుంటుంది. ఇంట్లో నిన్నటిదాకా ఒంటరిగా బస్సు ఎక్కనివ్వని పిల్ల, రాత్రిపూట పాతిక ముప్పై మంది రోగుల ప్రాణాలకు పూచీపడే అధికారి ఎలా అవుతుంది? ఆ మార్పు నక్షత్రాలు తగిలించినంత మాత్రాన వచ్చేది కాదు. దాని వెనుక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి పల్నాటి ఇళ్లకూ, పల్లె ఆరోగ్య కేంద్రాలకూ కూడా పనికివచ్చేది.

నర్సు మాత్రమే కాదు, అధికారి

బయటి ఆసుపత్రిలో నర్సును ‘సిస్టర్’ అని పిలుస్తారు. సైనిక ఆసుపత్రిలో ఆమె నర్సూ, అధికారీ కూడా. చదువు పూర్తయి కమిషన్ పొందగానే భుజం మీద రెండు నక్షత్రాలతో లెఫ్టినెంటు అవుతుంది. తరువాత కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కర్నల్, కర్నల్, బ్రిగేడియర్ వరకు మెట్లున్నాయి. అన్నిటికన్నా పైన మేజర్ జనరల్ హోదాలో ఈ సర్వీసుకు అధిపతి ఉంటారు. ఈ సర్వీసులో ఉన్నవారంతా మహిళలే.

కొత్త లెఫ్టినెంటుకు అసలు పరీక్ష రోగుల దగ్గర కాదు, తన కింద పనిచేసేవారి దగ్గర ఎదురవుతుంది. సైనిక వార్డులో ఆర్మీ మెడికల్ కోర్‌కు చెందిన నర్సింగ్ అసిస్టెంట్లు ఉంటారు. వీరు జవాన్లు, నాయక్‌లు, హవల్దార్లు. పదిహేను, ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవారు, సరిహద్దు పోస్టులలో పనిచేసి వచ్చినవారు వారిలో ఉంటారు. వయసులో తండ్రి వరస అయ్యే హవల్దారుకు నిన్నగాక మొన్న చదువు ముగించిన అమ్మాయి పని పురమాయించాలి. ఆయన సెల్యూట్ కొడతాడు, అది నియమం. కానీ ఆయన నమ్మకం సెల్యూట్‌తో రాదు. అది సంపాదించుకోవాలి.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. హోదా ఉంది కదా అని ఆయన అనుభవాన్ని పక్కన పెట్టడం ఒకటి. ఆయనకు అన్నీ తెలుసు కదా అని బాధ్యతంతా ఆయన మీదకు నెట్టి తప్పుకోవడం రెండోది. మంచి అధికారి ఈ రెంటి మధ్యన నడుస్తుంది. ముందు అడిగి తెలుసుకుంటుంది, తరువాత నిర్ణయం తానే తీసుకుంటుంది, ఫలితానికి తానే జవాబు చెబుతుంది. ఈ నడక పుస్తకం చదివితే వచ్చేది కాదు.

పదిమందితో మొదలైన ప్రయాణం

సైనిక నర్సింగ్ అనగానే ప్రపంచమంతా ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరే చెబుతుంది. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో ఆమె 38 మంది స్త్రీలతో టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి వెళ్లింది. రాత్రిపూట దీపం పట్టుకుని తిరిగిన దొరసానిగా ఆమె బొమ్మ మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. కానీ దీపం కన్నా గొప్ప పనులు ఆమె రెండు చేసింది. గాయాల కన్నా మురికి వల్లనే ఎక్కువమంది సిపాయిలు చనిపోతున్నారని లెక్కలు కట్టి నిరూపించింది. 1860లో లండన్‌లో శిక్షణాలయం పెట్టి, ఇతర ఆసుపత్రులకు వెళ్లి అక్కడి నర్సులకు నేర్పగల వారిని తయారు చేసింది. ఒక్క నర్సు వందమందికి సేవ చేయగలదేమో కానీ, ఒక్క నాయకురాలు వందమంది నర్సులను తయారు చేయగలదని ఆమె గుర్తించింది. భారతదేశంలోని సైన్యం పారిశుధ్యంపై 1863లో వెలువడిన రాయల్ కమిషన్ నివేదిక వెనుక కూడా ఆమె కృషి ఉంది. ఆమె మాత్రం ఎన్నడూ ఇండియాకు రాలేదు.

1888 మార్చి 28న శిక్షణ పొందిన పదిమంది బ్రిటిష్ నర్సులు బొంబాయి రేవులో దిగారు. మన దేశంలో సైనిక నర్సింగ్‌కు అదే నాంది. 1926 అక్టోబరు 1న భారతీయులతో శాశ్వత నర్సింగ్ సర్వీసు ఏర్పడింది. నేటికీ అక్టోబరు 1ని ఈ సర్వీసు ఆవిర్భావ దినంగా జరుపుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1943లో వెలువడిన ఆర్డినెన్సుతో నర్సులకు కమిషన్డ్ అధికారుల హోదా దక్కింది. 1976లో గెర్ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయ్యారు. భారత సాయుధ దళాల్లో ఆ హోదాకు చేరిన మొదటి మహిళ ఆమే. అంటే మన దేశంలో ఆడమనిషి మొదటిసారి జనరల్ అయినది నర్సింగ్ దారిలోనే అన్నది గమనించదగ్గ విషయం.

పాత ఎద్దు పక్కన కొత్త కోడె

పోలిక మోటుగా ఉన్నా పల్నాటి రైతుకు సులువుగా తెలిసేది ఇది. కొత్త కోడెకు దుక్కి నేర్పాలంటే ఎవరూ మొదటి రోజే నాగలికి కట్టి చేలోకి తోలరు. పనివచ్చిన పాత ఎద్దు పక్కన కాడికి కడతారు. ముందు తేలిక బరువు లాగిస్తారు. చాలు తప్పితే సరిచేస్తారు. తరువాత తరువాత బరువు పెంచుతారు. ఒక్కసారిగా బరువు మోపితే కోడె మెడ పుండు పడుతుంది, బెదురు పుడుతుంది. అసలు మోపకపోతే అది ఎప్పటికీ పనికి రాదు.

చిన్న అధికారులను తయారు చేయడంలో సూత్రం ఇదే. నాలుగేళ్ల చదువులో అమ్మాయి వార్డులో సీనియర్ పక్కన నిలబడి చూస్తుంది. తరువాత ఆమె చూస్తుండగా తాను చేస్తుంది. ఒక మంచం, తరువాత నాలుగు మంచాలు, తరువాత ఒక వరుస. కమిషన్ వచ్చాక ఒక షిఫ్టు, తరువాత రాత్రి డ్యూటీ, తరువాత వార్డు మొత్తం. మందుల లెక్క, పరికరాల లెక్క, డ్యూటీ చార్టు, ఆసుపత్రిలో ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బుల నివారణ - ఇవన్నీ ఒక్కొక్కటిగా చేతికి వస్తాయి. అవసరాన్ని బట్టి ఇంటెన్సివ్ కేర్, ఆపరేషన్ థియేటర్ వంటి విభాగాల్లో ప్రత్యేక శిక్షణ కూడా పొందుతారు.

ఈ మెట్లు దాటించకుండా ఒక్కసారిగా బాధ్యత మీద పడితే ఏమవుతుందో వియత్నాం యుద్ధం చూపించింది. 1960, 70 దశకాల్లో అమెరికా అక్కడికి పంపిన సైనిక నర్సుల్లో చాలామందికి రెండేళ్ల అనుభవం కూడా లేదు. హెలికాప్టర్లలో ఒక్కసారిగా దిగిన క్షతగాత్రుల మధ్య వారు పని నేర్చుకోవలసి వచ్చింది. ఎందరో ప్రాణాలు నిలబెట్టారు, నిజమే. కానీ ఆ బరువు యుద్ధం ముగిసిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా పలువురి మనసుల మీద నుంచి దిగలేదు. అందుకే యుద్ధం రాకముందే బరువు మోయడం అలవాటు చేయాలన్న ఆలోచన బలపడింది.

చోటు మారితే పని మారుతుంది

సైనిక నర్సు ఒకేచోట ఉండదు. బదిలీలు తప్పవు. ఒకసారి సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రి, మరోసారి రాజస్థాన్ ఎడారి అంచు, ఇంకోసారి లేహ్‌లోని జనరల్ హాస్పిటల్ లేదా శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్. నౌకాదళ ఆసుపత్రులు, వైమానిక దళ ఆసుపత్రులు కూడా ఈ పరిధిలోనివే. మన విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి అటువంటిదే.

చోటు మారితే రోగమూ మారుతుంది. సముద్ర మట్టానికి సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పలచన. మైదానం నుంచి వెళ్లిన జవానును ఒళ్లు ఆ గాలికి అలవాటు పడేందుకు ఆరు రోజులు ఆగమంటారు. ఆగకుండా శ్రమ పడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదకు వస్తుంది. అక్కడ మొదటి మందు ప్రాణవాయువు. ఆ తరువాత వీలైనంత త్వరగా కిందికి దించడం. కాస్త దగ్గు, కాస్త ఆయాసం అని తేలిగ్గా తీసుకునే నర్సు అక్కడ పనికిరాదు.

ఎడారిలో అందుకు భిన్నం. అక్కడి శత్రువు వడదెబ్బ. రెంటచింతల ఎండలో పెరిగిన పిల్లకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కరలేదు. కాకపోతే ఊళ్లో చేసే పొరపాటును అక్కడ సరిదిద్దుకుంటుంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి, విసురుతూ వేడి దించాలి. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం. వాహనం కోసం చూస్తూ కూర్చుంటే మెదడు దెబ్బతింటుంది.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. సైనిక ఆసుపత్రి అంటే తూటా గాయాలే కాదు. జవాన్ల భార్యల కాన్పులు, పిల్లల జ్వరాలు, తల్లిదండ్రుల గుండెజబ్బులు, మాజీ సైనికుల మధుమేహం అన్నీ అక్కడికే వస్తాయి. ఈ నెల కాన్పుల వార్డులో ఉన్న అధికారిని వచ్చే నెల కాలిన గాయాల వార్డులో వేయవచ్చు. 2020 జులైలో కరోనా విజృంభించిన వేళ ఢిల్లీలో రక్షణ పరిశోధన సంస్థ రోజుల వ్యవధిలో వెయ్యి పడకల తాత్కాలిక ఆసుపత్రిని నిలబెట్టింది. దానిని నడిపినది సాయుధ దళాల వైద్య సిబ్బందే. కొత్త జబ్బు, కొత్త భవనం, కొత్త జట్టు. అటువంటప్పుడు ‘నాకు ఈ పని అలవాటు లేదు’ అన్న మాట చెల్లదు. మారిన పరిస్థితికి తగ్గట్టు తాను మారి, తన జట్టునూ మార్చుకోగలగడమే సైనిక నర్సింగ్ కోరే నాయకత్వం.

నోరు తెరిచి చెప్పడం

మన ఇళ్లలో ఆడపిల్లకు నేర్పే మొదటి పాఠం పెద్దల ఎదుట నోరు మెదపవద్దని. ఆసుపత్రిలో ఆ పాఠం ప్రాణం తీస్తుంది. అర్ధరాత్రి రెండు గంటలకు రోగి నాడి పడిపోతుంటే పెద్ద డాక్టరును నిద్ర లేపడానికి సంకోచించే నర్సు వల్ల నష్టం రోగికే.

ఈ సంకోచం పోగొట్టడానికి ఒక పద్ధతి వచ్చింది. అది పుట్టినది అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో. తరువాత ఆసుపత్రులు దానిని తీసుకున్నాయి. ఫోను ఎత్తగానే నాలుగు ముక్కలు వరుసగా చెప్పాలి. ఇప్పుడు ఏమైంది? దాని వెనుక సంగతేమిటి? నా అంచనా ఏమిటి? మీరు ఏం చేయాలని కోరుతున్నాను? ఉదాహరణకు: ‘సార్, ఆరో మంచం రోగికి బీపీ 80కి పడిపోయింది. సాయంత్రం కడుపు ఆపరేషన్ అయిన మనిషి. లోపల రక్తం పోతున్నదని నా అనుమానం. మీరు వెంటనే రావాలి.’ నాలుగు వాక్యాల్లో పని అయిపోయింది. ఇందులో అమర్యాద లేదు, తడబాటు లేదు. అంచనా చెప్పమన్న మూడో ముక్క, కావలసింది అడగమన్న నాలుగో ముక్క చిన్న నర్సుకు ఆలోచించడం నేర్పుతాయి. కబురు మోసే మనిషిని నిర్ణయంలో భాగస్వామిని చేస్తాయి.

రెండో పద్ధతి పని ముగిశాక జరిపే సమీక్ష. 1970 దశకంలో అమెరికా సైన్యం దీనిని అలవాటుగా మార్చింది. ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకు వచ్చింది? ఈసారి ఏం చేద్దాం? ఈ నాలుగు ప్రశ్నలకు చిన్నా పెద్దా అందరూ కూర్చుని జవాబు వెతుకుతారు. ఎవరిది తప్పు అని వేలెత్తి చూపడం కోసం కాదు, మళ్లీ జరగకుండా చూడటం కోసం. తప్పు బయటపెడితే తిట్లు పడతాయన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం చెప్పరు. నిజం చెప్పనిచోట ఎవరూ నేర్చుకోరు.

మూడోది ఎవరిని ముందు చూడాలన్న విచక్షణ. నెపోలియన్ సైన్యంలో శస్త్రవైద్యుడు లారే ఒక నియమం పెట్టాడు. హోదాను బట్టి కాదు, గాయం తీవ్రతను బట్టి చికిత్స. పదిమంది ఒకేసారి వచ్చినప్పుడు గట్టిగా అరుస్తున్న వాడి దగ్గరకు పరుగెత్తడం సహజం. కానీ అరవలేని స్థితిలో ఉన్నవాడికే ఎక్కువ ప్రమాదం ఉండవచ్చు. ఈ చూపు అభ్యాసంతోనే వస్తుంది. కర్నల్ కాలు బెణుకు కన్నా సిపాయి పొట్ట గాయం ముందు అని చెప్పగల ధైర్యం కూడా ఆ అభ్యాసంలో భాగమే.

అడ్డుగోడ ఒకటి కూలింది

ఈ సర్వీసులో ఒకప్పుడు పెళ్లి పెద్ద అడ్డుగోడగా ఉండేది. 1977 నాటి సైనిక ఉత్తర్వు ప్రకారం పెళ్లి చేసుకున్న నర్సింగ్ అధికారిణిని సర్వీసు నుంచి తొలగించే వీలుండేది. సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో నియమితురాలైన ఒక లెఫ్టినెంటు 1988లో సైనికాధికారిని వివాహమాడిన కారణంగా ఉద్యోగం పోగొట్టుకున్నారు. పెళ్లి చేసుకున్న మగ అధికారికి ఏ ఇబ్బందీ లేదు. ఆ ఉత్తర్వును 1995లో ఉపసంహరించారు. ఆమె మాత్రం దశాబ్దాల పాటు న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. చివరకు 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదని, అటువంటి నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పి 60 లక్షల రూపాయలు చెల్లించమని కేంద్రాన్ని ఆదేశించింది.

ఈ తీర్పును పల్నాటి తల్లిదండ్రులు కూడా చదువుకోవలసి ఉంది. సైన్యంలో ఉత్తర్వుగా ఉన్నది మన ఊళ్లలో ఉత్తర్వు లేకుండానే అమలవుతోంది. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసిన పిల్లకు మంచి సంబంధం వచ్చిందంటే చదువు అక్కడితో ఆగిపోతుంది. నర్సింగ్ అన్నా చులకన భావమే. రాత్రి డ్యూటీలని, పరాయి మగవారిని ముట్టుకోవాలని ముఖం చిట్లించేవారు, తమ ఇంట్లో మనిషి ఆసుపత్రి పాలైనప్పుడు మాత్రం ‘మంచి సిస్టరమ్మ ఉంటే బాగుండు’ అంటారు. నర్సింగ్ అంటే కేరళ పిల్లలదే అన్న మాట కూడా ఉంది. మన పిల్లలకు చేతకాక కాదు, దారి తెలియక.

దారి ఇదీ

ఇంటర్‌లో బైపీసీ చదివిన అవివాహిత యువతులు ఈ సర్వీసుకు అర్హులు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు, ఇంగ్లీషు చదివి, ఇంటర్‌లో కనీసం 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. 2022 నుంచి నీట్ మార్కుల ఆధారంగా వడపోత జరుగుతోంది. ఆ తరువాత సామాన్య తెలివితేటలు, ఇంగ్లీషుపై కంప్యూటర్ పరీక్ష, మానసిక పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరు నగరాల్లోని ఆరు సైనిక నర్సింగ్ కళాశాలల్లో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కోర్సు. వసతి, భోజనం ఉచితం, పైగా నెలనెలా స్టైపెండు. చదువు ముగిశాక సైన్యంలో పనిచేస్తామని బాండు రాయాలి. మధ్యలో మానుకుంటే డబ్బు కట్టాలి. బయట బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి కూడా షార్ట్ సర్వీస్ కమిషన్ ద్వారా అవకాశం ఉంటుంది. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం ప్రకటనలో వయసు, ఎత్తు తదితర నిబంధనలు సరిచూసుకోవాలి.

కష్టం కూడా చెప్పక తప్పదు. ఈ ఆరు కళాశాలల్లో దేశం మొత్తానికి కలిపి ఉన్న సీట్లు 220 మాత్రమే. పోటీ గట్టిది. పల్లె పిల్లకు ఇంగ్లీషు ఇంటర్వ్యూ పెద్ద కొండ. ఇంటికి దూరంగా ఉండాలి, పండుగకు సెలవు దొరుకుతుందన్న హామీ లేదు. అయినా చిన్న ఊళ్ల నుంచి వచ్చినవారు ఈ కొండ ఎక్కలేదా అంటే, ఎక్కారు. ఉత్తరాఖండ్‌లోని కోట్‌ద్వార్ నుంచి వచ్చిన స్మితా దేవరాణి, అమితా దేవరాణి అక్కచెల్లెళ్లు ఇదే సర్వీసులో ఒకరు మేజర్ జనరల్, మరొకరు బ్రిగేడియర్ అయ్యారు. 2023లో ఇద్దరూ రాష్ట్రపతి చేతుల మీదుగా జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం అందుకున్నారు. కోట్‌ద్వార్ పిల్లలకు సాధ్యమైనది గురజాల, దుర్గి, వెల్దుర్తి పిల్లలకు అసాధ్యం అనడానికి కారణం కనిపించదు.

ఊరి ఆరోగ్య కేంద్రంలోనూ ఇదే పాఠం

సైన్యంలో సీటు రాని పిల్లకు ఈ పాఠాలతో పని లేదా? ఉంది. పల్లెల్లోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో నేడు బీఎస్సీ నర్సింగ్ చదివిన యువతులను నియమిస్తున్నారు. జనం వాడుకలో వీరు ఎంఎల్‌హెచ్‌పీలు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల అమ్మాయి కేంద్రంలో కూర్చుంటుంది. ఆమెతో పనిచేసే ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలు వయసులో, ఆ ఊరి అనుభవంలో ఆమె కన్నా పెద్దవారు. ‘అక్కా’ అని పిలుస్తూనే పని చెప్పాలి, పని చేయించాలి. సైనిక వార్డులో హవల్దారు ఎదుట లెఫ్టినెంటు పరిస్థితి ఏమిటో, ఈమె పరిస్థితీ అదే. తేడా ఏమంటే అక్కడ సైన్యం ఆమెకు నేర్పి పంపుతుంది, వెనుక ఒక వ్యవస్థ నిలబడుతుంది. ఇక్కడ చాలావరకు ఆమె సొంత తెలివే దిక్కు.

పల్నాటి పల్లెలో ఆమె ముందుకు వచ్చేవి చిన్న సమస్యలు కావు. మిరప చేలో పురుగుమందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయిన రైతు. పత్తి తీస్తుండగా పాము కరిచిన కూలీ. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర కంట్లో సున్నం పడిన మనిషి. మే నెల ఎండకు సొమ్మసిల్లిన ఉపాధి కూలీ. నొప్పులు మొదలైన బొల్లాపల్లి తండా గర్భిణి. 2005లో మొదలైన 108 వాహనం వస్తుంది. కానీ అది వచ్చేలోగా గడిచే నిమిషాలకు నాయకురాలు ఆ అమ్మాయే. కంట్లో సున్నం పడితే ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండాలని, పాము కరిచిన చోట కోయకూడదని, కాలు కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలని చుట్టూ మూగిన జనానికి గట్టిగా చెప్పగలగాలి. మంత్రం వేయిద్దామనే పెద్దమనిషికి ఎదురు నిలబడి, ఆయనను చిన్నబుచ్చకుండా ఆయన చేతనే వాహనానికి దారి ఖాళీ చేయించగలగాలి. మందు తెలిస్తే సరిపోదు, మనుషులను నడపడం తెలియాలి.

సైన్యం పద్ధతుల్లో ఖర్చు లేనివి చాలా ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయిని ఆరు నెలలు అనుభవం ఉన్న సీనియర్‌తో జతచేయడానికి కొత్త భవనం అక్కరలేదు. నాలుగు ముక్కల్లో డాక్టరుకు కబురు చెప్పడం నేర్పడానికి ఒక పూట చాలు. నెలకొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అందరినీ కూర్చోబెట్టి, జరిగిన ఒక్క కేసును తీసుకుని ఏం జరిగింది, ఏం చేసి ఉండాల్సింది అని మాట్లాడుకోవడానికి ప్రత్యేక నిధులు అక్కరలేదు. పై అధికారి ఆ సమావేశంలో గొంతు తగ్గించుకుని వింటే చాలు.

చేయవలసింది కొంతే

2022 ఏప్రిల్‌లో పల్నాడు ప్రత్యేక జిల్లాగా ఏర్పడి నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. కొత్త జిల్లా యంత్రాంగం, కళాశాలల పెద్దలు తలుచుకుంటే ఈ విషయంలో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల, వినుకొండ, సత్తెనపల్లి జూనియర్ కళాశాలల్లో బైపీసీ ఆడపిల్లలకు ఏటా ఒకసారి ఈ సర్వీసు గురించి వివరించే ఏర్పాటు చేయాలి. దరఖాస్తు ప్రకటన వెలువడగానే నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి. నీట్ రాస్తే డాక్టరు సీటు లేదా ఇంటిదారి అన్న భావన పోవాలి. అదే మార్కులతో తెరుచుకునే మరో తలుపు ఉందని చెప్పాలి. సైన్యంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మాజీ సైనికులు ప్రతి మండలంలో ఉన్నారు. వారిచేత పిల్లల తల్లిదండ్రులకు రెండు మాటలు చెప్పిస్తే సగం భయం తీరిపోతుంది.

ఇంటి పెద్దల వంతు కూడా ఒకటున్నది. బాధ్యత మోపకుండా పెంచిన పిల్లకు పెద్దయ్యాక ఒక్కసారిగా ధైర్యం రమ్మంటే రాదు. ఆసుపత్రిలో తాతగారి మందుల చీటీ ఆమె చేతికి ఇవ్వాలి. బ్యాంకు పని ఆమెను ఒక్కదాన్నే చేసుకురమ్మనాలి. తప్పు చేస్తే తిట్టకుండా మళ్లీ పంపాలి. లెఫ్టినెంటు తయారీ పుణెలో మొదలు కాదు, ఇంటి గడపలోనే మొదలవుతుంది.

కత్తి పట్టిన వారి కథలు పల్నాటికి కావలసినన్ని ఉన్నాయి. కట్టు కట్టి, పదిమందిని నడిపి, ప్రాణం నిలబెట్టిన ఆడపిల్లల కథలు ఇకమీదట చేరవలసి ఉంది. ఈ ఏడాది బైపీసీలో చేరిన పిల్లల్లో అటువంటివారు ఎందరున్నారో ఇప్పుడే తేలదు. వారికి దారి ఉందన్న కబురు సకాలంలో చేరవేసే పూచీ మాత్రం పెద్దలదే.